తాళపుచెవి ఎవరి చేతిలో ఉండాలి?



ఈ నెల మన ఇళ్లలోకి వచ్చిన కంప్యూటరు గురించి నాలుగు మాటలు వ్రాయాలని ఆశిస్తున్నాను. "అయ్యగారు వాక్యము విడిచిపెట్టి యంత్రముల సంగతి ఎత్తుకున్నారేమి?" అని కొందరు అనుకోవచ్చు. దయచేసి చివరివరకు చదవండి.

2020లో బడులు మూతపడి పాఠాలు ఇంటికి వచ్చినప్పుడు మన పల్లెటూరి కుటుంబాలలో చాలామంది అప్పో సప్పో చేసి ఒక పాత లాప్‌టాపు కొన్నారు. తరువాత బడులు తెరిచారు గాని ఆ యంత్రము ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లల చదువు, పాల లెక్క, బ్యాంకు పని, పెళ్లి ఫోటోలు, గుడి పాటలు అన్నీ ఇప్పుడు అందులోనే ఉన్నాయి. బీరువా తాళపుచెవి ఎక్కడున్నదని అడిగితే ఇంటి ఇల్లాలు వెంటనే చెబుతుంది. కంప్యూటరు తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదని అడిగితే చాలా ఇళ్లలో జవాబు ఉండదు. మా ఇంట్లోనూ లేదు. దానివలన నేను పడిన అవస్థను, చేసిన తప్పును దాచకుండా చెబుతాను.

తెరుచుకోని ఫోల్డరు

మా సంఘములో ఒక సహోదరి భర్త ప్రభువునందు నిద్రించాడు. ఆయన చేసిన ఉద్యోగమునుబట్టి ఆమెకు కుటుంబ పింఛను రావాలి. ఆఫీసువారు పెండ్లి రుజువు అడిగారు. ఒక మంగళవారము సాయంత్రము ఆమె మా ఇంటికి వచ్చి, "అయ్యగారండీ, మా పెళ్లి ఈ గుడిలోనే అయ్యింది గదండీ. ఆ కాగితం సోమవారానికల్లా ఇమ్మంటున్నారండీ" అని కన్నీళ్లు పెట్టుకుంది.

ఆ సంవత్సరపు పెండ్లిండ్ల రిజిస్టరును చెదలు తినివేశాయి. అయితే అది పూర్తిగా పాడుకాకముందు నేను దాని పుటలన్నిటికీ ఫోటోలు తీసి మా పాత కంప్యూటరులో ఒక ఫోల్డరులో పెట్టి ఉంచాను. అందులో నంబరు, తేదీ చూసుకుంటే మా పై కార్యాలయములో ఉన్న నకలుతో సరిపోల్చి పత్రము ఇవ్వవచ్చు. "దిగులు పడకమ్మా, రేపు రా" అని ధైర్యముగా చెప్పి పంపాను.

పాత కంప్యూటరు అప్పటికే మూలపడింది. దాని హార్డ్ డిస్కును మాత్రము తీయించి, చిన్న పెట్టెలో అమర్పించి, యు.ఎస్.బి. తీగతో మరో కంప్యూటరుకు తగిలించుకునేట్టు చేయించి ఉంచాము. ఆ రాత్రి దానిని మా లాప్‌టాపుకు తగిలించాను. ఫోల్డరు పేరు కనబడింది. తీరా నొక్కితే, దీనిని తెరవడానికి మీకు అనుమతి లేదు అన్న మాట వచ్చింది. కింద 'కంటిన్యూ' అని ఉంటే అదీ నొక్కాను. పచ్చని గీత చాలాసేపు పాకింది. చివరకు మళ్లీ అదే మాట.

ఆ పాత కంప్యూటరును ఎక్కువగా వాడినవాడు మా అబ్బాయి. నాకు కోపము వచ్చింది. వాణ్ణి పిలిచి, "దీనికేం తాళం వేశావురా?" అన్నాను. "నేనేమీ చేయలేదు నాన్నా" అన్నాడు. "అబద్ధమాడకు" అన్నాను. వాడు మారు పలకకుండా వెళ్లి, అన్నము తినకుండానే పడుకున్నాడు. నా భార్య, "విషయం తెలుసుకోకుండా పిల్లవాణ్ణి అంత మాట అన్నారేమండీ" అన్నది. ఆ మాట నా చెవికి ఎక్కలేదు.

ఎరిగిన ఒకాయనకు ఫోను చేశాను. "డ్రైవు మొత్తానికి 'ఎవ్రీవన్' అని పెట్టి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేయండి అయ్యగారూ, అన్నీ తెరుచుకుంటాయి" అన్నాడు. అనగా అందరికీ సర్వాధికారము. అప్పటికి రాత్రి 11 గంటలు. నిద్రమత్తులో, తొందరలో, పాత డిస్కుకు చేయవలసింది లాప్‌టాపు సొంత డిస్కుకే చేశాను. మధ్యలో ఎన్నో హెచ్చరికలు వచ్చాయి. ఒక్కటీ చదవకుండా అన్నిటికీ 'యెస్' నొక్కుకుంటూ పోయాను. తెల్లవారి చూస్తే స్టార్ట్ మెనూ తెరుచుకోదు, సెట్టింగ్స్ తెరుచుకోవు. పాత డిస్కులోని ఫోల్డరు మూసినట్టే ఉంది, బాగున్న లాప్‌టాపు పాడైంది. ఉదయము వచ్చిన ఆ సహోదరిని వట్టి చేతులతో పంపవలసి వచ్చింది.

చనిపోయిన యజమాని

శనివారము మా సంఘములోని ఒక యౌవనస్థుడు పట్టణమునుండి వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేయుట అతని పని. అతడు ముందు లాప్‌టాపులోని మా ఫైళ్లను వేరే డిస్కులోనికి తీసి, విండోస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించాడు. దానికి మధ్యాహ్నము వరకు పట్టింది. తరువాత పాత డిస్కులోని ఆ ఫోల్డరును పది నిమిషాలలో తెరిచాడు. "ఎవరు తాళం వేశారు బాబూ?" అని అడిగాను. "ఎవరూ వేయలేదు అయ్యగారూ. అది తన యజమాని కోసం కాపలా కాస్తూ ఉంది" అన్నాడు.

అతడు వివరించినది మీకూ చెబుతాను. విండోస్‌లో ప్రతి ఫైలుకు, ప్రతి ఫోల్డరుకు ఒక యజమాని ఉంటాడు. దానిని ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అనే జాబితా కూడా దానితోనే ఉంటుంది. అయితే కంప్యూటరు ఆ యజమానిని పేరుతో గుర్తుంచుకోదు. అకౌంటు తెరిచినప్పుడు తానే ఒక పొడవైన సంఖ్య ఇస్తుంది. అది సాధారణముగా 'ఎస్-1-5-21' అని మొదలవుతుంది. పాత కంప్యూటరులో నా పేరుతో ఉన్న అకౌంటుకు ఒక సంఖ్య, లాప్‌టాపులో అదే పేరుతో ఉన్న అకౌంటుకు మరొక సంఖ్య. పేరు ఒకటే అయినా కంప్యూటరు దృష్టిలో ఇద్దరూ వేరు మనుష్యులు. పాత కంప్యూటరు పోవడముతో ఆ మొదటి యజమాని కూడా పోయాడు. ఆ ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ అనే చోట చూస్తే పేరుకు బదులు 'అకౌంట్ అన్‌నోన్' అని, పక్కన ఆ సంఖ్య కనబడింది. చనిపోయిన యజమాని తిరిగి వస్తాడని ఆ ఫోల్డరు తలుపు వేసుకొని కూర్చున్నది. మా అబ్బాయి చెప్పినది అక్షరాలా నిజము.

మీకూ ఇటువంటిది జరిగితే డ్రైవు మొత్తము జోలికి పోవద్దు. కావలసిన ఒక్క ఫోల్డరు మీద మాత్రమే కుడివైపు బటన్ నొక్కి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ అనే వరుసలో వెళ్లండి. పైన ఓనర్ అని ఉంటుంది. దాని పక్కనున్న చేంజ్ నొక్కి మీ అకౌంటు పేరు వ్రాయండి. లోపలి ఫైళ్లకు కూడా వర్తించాలని అడిగే చిన్న గడిలో టిక్కు పెట్టండి. ఆ కిటికీలన్నీ మూసి, మళ్లీ తెరిచి, మీ పేరుకు అనుమతి చేర్చండి. ఇది చేయడానికి అడ్మినిస్ట్రేటరు అధికారము కావాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి. డిస్కు రహస్య లిపిలో భద్రపరచబడి ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. నేటి లాప్‌టాపులు అనేకము బిట్‌లాకర్ అనే పద్ధతిలో అలా భద్రపరచబడి వస్తున్నాయి. వాటికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. ఆ అంకెలు ఎక్కడా దొరకకపోతే డిస్కు చేతిలో ఉన్నా లోపలిది అందదు.

యెస్ నొక్కే ముందు

పూర్వము ఇంటి కంప్యూటర్లకు ఇన్ని తలుపులు లేవు. 1995లో వచ్చిన విండోస్ 95లో పాస్‌వర్డ్ అడిగే గడి ఉండేది గాని, క్యాన్సిల్ నొక్కినా లోపలికి పోనిచ్చేది. ఆఫీసుల కోసము 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి.లో మాత్రమే గట్టి కాపలా ఉండేది. 2001లో ఎక్స్.పి.తో ఆ కాపలా మన ఇళ్లకూ వచ్చింది. అయితే అందులో మొదట తెరిచే అకౌంట్లకు సర్వాధికారము ఉండేది గనుక, దొంగ ప్రోగ్రాము వచ్చినా దానికీ అదే అధికారము దొరికేది. 2007లో ఇళ్లకు వచ్చిన విస్టానుండి, ఏదైనా ప్రోగ్రాము యంత్రమును మార్చబోతే తెర మసకబారి, "అనుమతించమంటారా?" అని అడుగుట మొదలైంది. అదే ప్రశ్న నేటి విండోస్ 11లోనూ వస్తున్నది. మనము విసుక్కొని యెస్ నొక్కే ప్రశ్న అదే. తలుపు దగ్గర నిలబడి, "అయ్యా, ఎవరో వచ్చారు, రానివ్వమంటారా?" అని అడిగే కాపలావాని మీద విసుక్కోవడము జ్ఞానమా?

అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాలయములో పనిచేసిన సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు పండితులు 1975లో ఒక వ్యాసము ప్రచురించారు. అందులో వారు చెప్పిన నియమాలలో ఒకటి నేటికీ ఈ విద్యలో పునాదిరాయిగా ఉన్నది. ఏ మనిషికైనా, ఏ ప్రోగ్రాముకైనా దాని పనికి కావలసినంత అధికారమే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు అన్నదే దాని సారాంశము.

గనుక ఇంటిలో ఇలా చేయండి. మొదట, అడ్మినిస్ట్రేటరు అకౌంటు ఒకటి వేరుగా పెట్టి, దానికి మంచి పాస్‌వర్డ్ ఇవ్వండి. ప్రోగ్రాము ఎక్కించేటప్పుడో, పెద్ద మార్పు చేసేటప్పుడో మాత్రమే దానిని వాడండి. రెండవది, ఇంట్లో ప్రతి ఒక్కరికీ, మీకు కూడా, రోజువారీ పనికి స్టాండర్డ్ యూజరు అకౌంటు పెట్టండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, దానిలో అదర్ యూజర్స్ అనే చోట ఇది చేయవచ్చు. స్టాండర్డ్ అకౌంటుతో చదువుకోవచ్చు, వ్రాసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, ఇంటర్నెట్ చూడవచ్చు. యంత్రపు ముఖ్యమైన భాగాలను మార్చడము, మరొకరి ఫోల్డరు తెరవడము మాత్రము కుదరదు. పొరపాటున దొంగ ప్రోగ్రాము నొక్కితే ఆ ఒక్కరి ఫైళ్లకు హాని కలుగవచ్చు గాని ఇంటిల్లిపాదివీ పోయే ప్రమాదము తగ్గుతుంది. మూడవది, మీ అకౌంటును స్టాండర్డుగా మార్చేముందు అడ్మినిస్ట్రేటరు అకౌంటులోకి ఒకసారి వెళ్లి, పాస్‌వర్డ్ పనిచేస్తున్నదని చూసుకోండి. లేకపోతే మన ఇంటి బయట మనమే నిలబడవలసి వస్తుంది.

కొన్నిసార్లు చిక్కు దీనికి వ్యతిరేకముగా ఉంటుంది. తలుపు మరీ బిగుసుకుపోతుంది. మా ఆన్‌లైన్ ప్రార్థన కూడికలో ఒక పెద్దాయన ప్రార్థించారు గాని ఆయన స్వరము ఎవరికీ వినబడలేదు. మైకు చెడిపోయిందని కొత్తది కొనబోయారు. తీరా చూస్తే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే చోట మైక్రోఫోన్ అనుమతి మూసి ఉంది. అది తెరిచిన వెంటనే స్వరము వినబడింది. కెమెరాకూ అక్కడే వేరే అనుమతి ఉంటుంది.

మరొక ఇంట్లో ఏ వెబ్‌సైటు తెరిచినా భద్రత లేదని హెచ్చరిక వచ్చేది. చూస్తే కంప్యూటరు తేదీ ఎన్నో సంవత్సరాలు వెనక్కి పోయి ఉంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల గుర్తింపు పత్రాలు కంప్యూటరుకు చెల్లనివిగా కనబడతాయి. చాలా పాత కంప్యూటర్ల లోపల సి.ఆర్. 2032 అనే గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే, కంప్యూటరుకు కరెంటు తీసివేసిన ప్రతిసారీ గడియారము వెనక్కి పోతుంది. కొద్దిపాటి ఖర్చుతో అది మార్చిస్తే సరిపోయింది. గనుక కొత్త వస్తువు కొనేముందు, పెద్ద మార్పు చేసేముందు, తేదీ సరిగా ఉన్నదా, అనుమతి ఉన్నదా అని చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ముందు ఎలా ఉన్నదో నోటుబుక్కులో వ్రాసుకోండి.

పాత కంప్యూటరు ఉన్నవారికి ఇంకొక మాట. విండోస్ 10కి సాధారణ ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. మీ యంత్రము విండోస్ 11కు తగినదో కాదో తెలిసినవారికి చూపించుకోండి.

గృహనిర్వాహకుడు

ప్రియులారా, ఆ శనివారము నాకు లూకా సువార్తలోని గృహనిర్వాహకుని సంగతి జ్ఞాపకము వచ్చింది. గ్రీకు భాషలో ఆ మాట 'ఓయికోనొమోస్'. ఓయికోస్ అనగా ఇల్లు. ఇంటివారికి ఎవరికి ఏమి కావాలో చూసి పంచిపెట్టువాడు అని ఆ మాటలోని భావము. ఇంటిలో ఉన్నదంతా అతని చేతిలోనే ఉంటుంది, అయితే ఏదీ అతనిది కాదు. యజమాని లెక్క అడిగే దినము ఒకటి ఉన్నది. కంప్యూటరులో అడ్మినిస్ట్రేటరు అనే మాటకు మన బైబిలులోని ఈ మాటకంటె మంచి తెలుగు నాకు తోచలేదు.

ఆదికాండము 39వ అధ్యాయములో యోసేపును చూడండి. పోతీఫరు తన ఇంటి సమస్తమును అతని చేతికి అప్పగించాడు. అయినా తనకు ఇవ్వబడనిది ఒకటున్నదని యోసేపు ఎరిగియుండెను. ఎంత అధికారము ఉన్నదో ఎరుగుట ఒక తెలివి, అది ఎక్కడ ఆగిపోతుందో ఎరుగుట భక్తి. నెహెమ్యా 7వ అధ్యాయము చూడండి. గోడ కట్టి, తలుపులు నిలిపిన వెంటనే అతడు చేసిన పని, ద్వారపాలకులను నియమించి, ఎండ ఎక్కువరకు గుమ్మములు తెరవవద్దని ఆజ్ఞాపించుటయే. ఆ పట్టణస్థులమీద నమ్మకము లేక కాదు, వారిమీద ప్రేమ ఉండుటచేతనే.

నేను చేసినదేమిటి? ఒక్క తలుపు తెరుచుకోలేదని ఇంటి తలుపులన్నీ ఊడబెరికాను. ఎందుకు తెరుచుకోలేదో అడుగలేదు. అంతకంటె ముందు, ఎదురుగా నిలబడి నిజము చెప్పుచున్న బిడ్డ మాట నమ్మలేదు. పులుపిటనుండి సత్యము గురించి ప్రసంగించువాడను, నా ఇంట్లో విచారణ లేకుండా తీర్పు తీర్చాను.

ఆ సాయంత్రము ప్రార్థనకు కూర్చున్నప్పుడు మా అబ్బాయితో, "నాన్న తప్పు మాట అన్నాడురా, నన్ను క్షమించు" అన్నాను. వాడు తల వంచుకొని, "ఫర్వాలేదు నాన్నా" అని, కొంచెము ఆగి, "ముందు నన్ను అడిగితే నేనూ వెదికేవాణ్ణి గదా" అన్నాడు. ఇప్పుడు మా ఇంట్లో అడ్మినిస్ట్రేటరు అకౌంటు వేరుగా ఉంది. నాకూ, అమ్మగారికీ, అబ్బాయికీ స్టాండర్డ్ అకౌంట్లే. మొదట వాడు, "నా మీద నమ్మకం లేదా?" అన్నట్టు చూశాడు. "నాకూ అంతే పెట్టుకున్నాను చూడు" అంటే నవ్వాడు. ఏదైనా ప్రోగ్రాము కావాలంటే ఇద్దరమూ కలిసి కూర్చొని, అది ఏమిటో చదివి, అప్పుడు యెస్ నొక్కుతున్నాము.

ఇంకొక పని కూడా చేశాను. అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును, ఆ 48 అంకెలను ఒక కాగితము మీద వ్రాసి, కవరులో పెట్టి అంటించి, బీరువాలో పెట్టి అమ్మగారికి చూపించాను. సంఘపు కాగితాలు మాత్రము వేరే డిస్కులో పెట్టి, దానిని ఎలా తెరవాలో సంఘపెద్దలకు తెలియజేశాను. ఏలయనగా నేను రేపు మరో సంఘమునకు బదిలీ కావచ్చు, ప్రభువు పిలిస్తే వెళ్లిపోవచ్చు. యజమాని పోయిన తరువాత కూడా ఎవరికీ తెరుచుకోని తలుపును విధవరాండ్రకు, బిడ్డలకు మిగిల్చిపోవుట మంచి గృహనిర్వాహకత్వము కాదు. మన బ్యాంకు కాగితాలు, పొలము కాగితాలు, ఫోను తాళము విషయములో కూడా ఇది ఆలోచించండి. భార్యకు తెలియని తాళపుచెవి భర్తతోపాటు సమాధిలోనికి పోతుంది.

ఆ సహోదరి సంగతి అడుగుతారేమో. శనివారము సాయంత్రమే రిజిస్టరు పుట ఫోటో దొరికింది. నంబరు, తేదీ స్పష్టముగా ఉన్నాయి. సోమవారము ఉదయమే పై కార్యాలయమునకు వెళ్లి నకలుతో సరిచూసుకొని, సాయంత్రము ఆఫీసు మూసేలోగా పత్రము ఆమె చేతికిచ్చాము. ఆమె దానిని కళ్లకద్దుకొని, పెండ్లినాటి తన భర్త సంతకము ఉన్న ఆ పుట ఫోటో తనకు కూడా ఒకటి ఇవ్వగలరా అని అడిగింది. ప్రింటు తీసి ఇచ్చినవాడు మా అబ్బాయి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో లూకా 16:10 చదువుకోండి. మీ ఇంట్లో ఏ తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నదో ఒకసారి కలిసి మాట్లాడుకోండి. కొద్దిపాటి అధికారములోను, గొప్ప అధికారములోను మనలను నమ్మకమైనవారినిగా ఉంచుమని ప్రభువును వేడుకొందము.

సమాధానకర్తయగు దేవుడు మిమ్మును, మీ బిడ్డలను, మీ ఇంటి గుమ్మములను కాపాడును గాక. ఆమేన్.